పగడపు దిబ్బ దగ్గరికి కెమెరాతో: ఒడ్డు నుంచి దిగాలా, పడవ ఎక్కాలా, ఏ తీరానికి వెళ్లాలి?

గుంటూరు వారికి దగ్గరి సముద్రం సూర్యలంక, విజయవాడ వారికి మంగినపూడి. రెండూ పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగలిగిన దూరంలోనే ఉన్నా, నీటి అడుగున జీవులను ఫొటో తీయాలనుకునేవారికి అవి ఉపయోగపడవు. కృష్ణ సముద్రంలో కలిసేచోట, హంసలదీవి దగ్గర, నీటి రంగు చూసినవారికి కారణం వేరే చెప్పనవసరం లేదు. నది తెచ్చే ఒండ్రు, మంచినీరు ఈ తీరం పొడవునా పరుచుకుంటాయి. పగడాలకు కావలసింది ఎండ లోపలికి దిగే తేటనీరు, పెద్దగా మారని ఉప్పదనం, అతుక్కుని పెరగడానికి గట్టి రాయి. డెల్టా తీరంలో ఈ మూడూ లేవు కనుక మన ప్రాంతం నుంచి పగడపు దిబ్బను చూడాలంటే దూరప్రయాణం తప్పదు. ఆ ప్రయాణానికి డబ్బూ సెలవులూ ఖర్చవుతాయి కాబట్టి ముందే ఆలోచించి తేల్చుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి.

తేల్చుకోవలసినవి మూడు: నీటిలోకి ఎలా దిగాలి, ఏ తీరానికి వెళ్లాలి, ఏ కెమెరా తీసుకెళ్లాలి. నన్ను సలహా అడిగిన మిత్రులలో ఎక్కువమంది ముందు కెమెరా కొనేసి, తరువాత టికెట్లు తీసి, నీటిలోకి దిగే సంగతి అక్కడికి వెళ్లాక చూసుకుందామనుకున్నవారే. నా అనుభవంలో వరుస దీనికి పూర్తిగా వ్యతిరేకంగా ఉండాలి. లోతు తక్కువగా ఉన్న దిబ్బ మీద ఫొటో బాగా రావడానికి మొదటి కారణం కెమెరా కాదు, నీటిలో నిలకడ. పైకి తేలిపోకుండా, కిందికి దిగిపోకుండా, చేతులు ఆడించకుండా ఉన్నచోటే ఉండగలిగిన మనిషి చేతిలో చిన్న కెమెరా కూడా మంచి ఫొటో ఇస్తుంది. అందువల్ల ఈ పోలికను దిగే పద్ధతితోనే మొదలుపెడుతున్నాను.

ఒడ్డు నుంచి దిగడంలో రెండు దారులున్నాయి. మొదటిది స్నోర్కెలింగ్: మాస్క్, గొట్టం, ఫిన్స్ (కాళ్లకు తొడిగే రెక్కలు) పెట్టుకుని నీటి పైభాగంలో బోర్లా తేలుతూ కిందికి చూడడం. దీనికి సర్టిఫికెట్ అక్కర్లేదు, ఖర్చు తక్కువ, రెండు మీటర్ల లోతులో ఉన్న దిబ్బ మీద గంటల తరబడి గడపవచ్చు. ఫొటోల విషయంలో దీని లోపం ఒక్కటే, కానీ అది పెద్దది. పై నుంచి తీసిన ఫొటోలన్నిటిలో చేపల వీపులే కనిపిస్తాయి. చేప కంటికి ఎదురుగా కెమెరా ఉండాలంటే ఊపిరి బిగబట్టి కిందికి వెళ్లాలి. అలా మునిగే ముందు ఎక్కువసేపు ఉండగలమనే ఆశతో గబగబా పదిసార్లు ఊపిరి పీల్చి వదిలే అలవాటు కొందరికి ఉంటుంది, అది ప్రాణాంతకం. ఊపిరి పీల్చుకోవాలన్న హెచ్చరిక శరీరానికి అందకముందే స్పృహ తప్పిపోయే ప్రమాదం ఉంది, అదీ ఒడ్డుకు దగ్గరగా, ఈత బాగా వచ్చినవారికే ఎక్కువగా జరుగుతుంది. ఒంటరిగా మునగవద్దు, ఒకరు మునిగితే ఒకరు పైన చూస్తూ ఉండాలి.

రెండవది ట్యాంకు కట్టుకుని ఒడ్డు నుంచి నడిచి దిగే స్కూబా. దీనికి ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి కోర్సు చేసి ఉండాలి. ఆ సర్టిఫికెట్‌తో 18 మీటర్ల లోతు వరకు తోడుతో వెళ్లవచ్చు. కోర్సు చేయనివారు శిక్షకుడి చేయి పట్టుకుని చేసే పరిచయ డైవ్ 12 మీటర్లకు మించదు, అందులో ఫొటోల మీద ఆశ పెట్టుకోకపోవడం మేలు. లోతు తక్కువ కనుక లాభం తక్కువ అనుకునేవారికి ఒక చిన్న లెక్క చెప్పాలి. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే 5 మీటర్ల దగ్గర మన మీద ఉండేది ఒకటిన్నర వాతావరణాలు, 20 మీటర్ల దగ్గర మూడు. అదే మనిషి అదే ట్యాంకుతో 20 మీటర్ల దగ్గర అరగంట ఉండగలిగితే 5 మీటర్ల దగ్గర దాదాపు గంట ఉండగలడు. పైగా వెలుతురు ఎక్కువ, రంగులు ఇంకా చెడవు. ఫొటోలు తీసేవారికి లోతుకన్నా సమయమే విలువైనది.

పడవ డైవ్ వీటికి భిన్నమైనది. అలల్లో నడిచే శ్రమ ఉండదు, బరువు మోయనక్కర్లేదు, ఒడ్డుకు దూరంగా ఉన్న ఆరోగ్యమైన దిబ్బలను చేరవచ్చు. అయితే పడవలో ఆరుగురు ఉంటే ఆరుగురూ గైడ్ వెంట కదలాలి. నా మొదటి అండమాన్ ప్రయాణంలో ఇదే జరిగింది. ఒక పెద్ద గ్రూపర్ చేప నోరు తెరుచుకుని కదలకుండా నిలబడి ఉండగా, నీలి చార ఉన్న చిన్న క్లీనర్ రాస్ చేప దాని నోటిలోకి, మొప్పల కిందికి వెళ్లి పరాన్నజీవులను ఏరుకుని తింటోంది. అటువంటి చోట్లకు చేపలు వరుసగా వచ్చి ఆగుతాయి, కెమెరా దగ్గరికి వచ్చినా అంత త్వరగా బెదరవు. నేను కెమెరా సరిచేసుకునేలోగా గైడ్ ముందుకు రమ్మని సైగ చేశారు, వెళ్లక తప్పలేదు. ఆయన తప్పేమీ లేదు. మిగిలిన వారి గాలి, పడవ సమయం ఆయన చూసుకోవాలి. కేవలం ఫొటోల కోసమే వెళ్లేవారు మాత్రం పడవ ఎక్కే ముందు మరో ఫొటోగ్రాఫర్‌తోనే జత కలపమని అడగడం మంచిది.

ఒడ్డు నుంచి దిగేవారికి గైడ్ కన్నా ముఖ్యమైనది ఆటుపోట్ల లెక్క. పోటు నుంచి ఆటుకు సుమారు ఆరు గంటలు పడుతుంది, ఆ సమయం ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీటి మట్టంలో తేడా ఎక్కువ, ప్రవాహం బలంగా ఉంటుంది. అష్టమి, నవమి దగ్గర తేడా తక్కువ, నీరు నెమ్మదిగా కదులుతుంది. అందుచేత ప్రయాణం తేదీలు నిర్ణయించేటప్పుడు ఇంట్లో గోడకు ఉన్న క్యాలెండర్‌లో తిథి చూడండి. నేను అష్టమి ముందువెనుకల నాలుగైదు రోజులనే ఎంచుకుంటాను. దిబ్బ మీదికి పోటు నిండుగా ఉండే గంట ముందు దిగి, నీరు తీయడం మొదలైన కొద్దిసేపటికే బయటికి రావాలి. ఆలస్యం చేస్తే దిబ్బ పైభాగం నీటిలోంచి తేలుతుంది, అప్పుడు ఒడ్డుకు చేరాలంటే పగడాలను తొక్కుతూ నడవడం తప్ప దారి ఉండదు. ఒక్క అడుగు కింద నలిగిన కొమ్మ మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది.

ఇక తీరాల సంగతి. విజయవాడ నుంచి రైలులో 350 కిలోమీటర్ల దూరంలో ఉన్న విశాఖపట్నం అందరికీ మొదట గుర్తొచ్చే చోటు. రుషికొండ దగ్గర స్కూబా నేర్పేవారు ఉన్నారు. అక్కడ నీటి అడుగున ఉన్నవి ప్రధానంగా రాళ్లు. అండమాన్‌లో కనిపించే పగడపు తోటలను అక్కడ ఆశించకూడదు. నీటి తేటదనం కూడా రోజురోజుకూ మారుతుంది, అక్టోబరు, నవంబరు తుపానుల కాలంలో దాదాపు ఏమీ కనిపించదు. అయినా నేను విశాఖను తీసిపారేయను. ఆటు సమయంలో రుషికొండ, తెన్నేటి పార్కు దగ్గరి రాళ్ల మధ్య మిగిలే నీటిగుంటల్లో ఎనిమోన్‌లు (రాయికి అతుక్కుని పువ్వులా విచ్చుకునే జీవులు), ఎండ్రకాయలు, చిన్న చేపలు, ఓపిక ఉంటే గుల్ల లేని రంగురంగుల సముద్రపు నత్తలు కనిపిస్తాయి. మునగనవసరం లేదు, ఊపిరి బిగబట్టనవసరం లేదు. మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను నీటిలో ముంచితే చాలు. ఈత రాని పెద్దలకు, పిల్లలను వెంట తీసుకెళ్లేవారికి, ఖర్చు లేకుండా సాధన చేయాలనుకునేవారికి ఇంతకంటే మంచి చోటు మన రాష్ట్రంలో నాకు తెలియదు. పాచి పట్టిన రాళ్ల మీద జారకుండా గట్టి అడుగున్న బూట్లు వేసుకోవాలి, అలలకు వీపు తిప్పి కూర్చోకూడదు.

అసలైన పగడపు దిబ్బ కావాలంటే అండమాన్, లక్షద్వీప్ మిగులుతాయి. మన్నార్ సింధుశాఖలో 21 దీవుల సముద్ర జాతీయ పార్కు 1986 నుంచి ఉంది కానీ ఆ దీవుల మీద అడుగు పెట్టడానికి ఆంక్షలున్నాయి, నీరు తరచూ మసకగా ఉంటుంది. ఫొటోల కోసం అంత దూరం వెళ్లమని నేను చెప్పను.

లక్షద్వీప్‌లో దీవుల చుట్టూ ఉన్న దిబ్బ అలలను బయటే ఆపేస్తుంది, లోపలి సరస్సు చెరువులా ప్రశాంతంగా ఉంటుంది. ఒడ్డు నుంచి దిగేవారికి అంతకంటే సుఖమైన నీరు మన దేశంలో లేదు. అయితే ముందుగా ప్రవేశ అనుమతి తీసుకోవాలి, సాధారణంగా కొచ్చి చేరి అక్కడి నుంచి అగత్తి దీవికి విమానమో, ఓడో ఎక్కాలి, బస చేసే చోట్లు కొద్ది. విజయవాడ నుంచి రానుపోను ప్రయాణానికే నాలుగు రోజులు పక్కన పెట్టుకోవాలి. 1998, 2010, 2016, 2024 సంవత్సరాల్లో సముద్రం వేడెక్కినప్పుడు అక్కడి పగడాలు తెల్లబడి చాలా భాగం దెబ్బతిన్నాయన్నది కూడా మనసులో పెట్టుకుని వెళ్లాలి.

అందువల్ల మొదటి ప్రయాణానికి నేను అండమాన్‌నే సూచిస్తాను, అందులోనూ హావ్‌లాక్ కన్నా నీల్ దీవిని. 2018లో వీటికి స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని పేర్లు పెట్టారు. అక్కడి వారు ఇప్పటికీ పాత పేర్లే ఎక్కువగా వాడతారు. విజయవాడ నుంచి రాత్రి రైలులో చెన్నై చేరి, అక్కడి నుంచి రెండు గంటల విమానంలో పోర్ట్ బ్లెయిర్, అంటే నేటి శ్రీ విజయపురం, ఆ తరువాత ఫెర్రీ. హావ్‌లాక్‌లో స్కూబా నేర్పేవారు ఎక్కువ, రెండో నంబరు బీచ్ దగ్గరి నెమో రీఫ్‌లోకి ఒడ్డు నుంచే నడిచి దిగవచ్చు. కోర్సు చేయాలనుకునేవారు అక్కడికే వెళ్లడం మంచిది. నీల్ దీవి చిన్నది, సైకిల్ మీద తిరగవచ్చు. భరత్‌పూర్ బీచ్ దగ్గర పోటు సమయంలో స్నోర్కెలింగ్, లక్ష్మణ్‌పూర్ దగ్గర ఆటు సమయంలో నీటిగుంటలు, రెండూ ఒకే రోజు చూడవచ్చు. జనవరి నుంచి ఏప్రిల్ వరకు నీరు తేటగా ఉంటుంది, మే నుంచి నైరుతి గాలులు మొదలవుతాయి. గడియారం ఇక్కడిదే అయినా సూర్యుడు అక్కడ విజయవాడ కన్నా దాదాపు 50 నిమిషాలు ముందు ఉదయిస్తాడు, శీతాకాలంలో సాయంత్రం ఐదుంపావుకే అస్తమిస్తాడు. మధ్యాహ్నం మూడు దాటాక నీటిలో వెలుతురు చాలదు. ఉప్పునీటి మొసళ్లు ఉండే ద్వీపాలు అవి; మొసలి హెచ్చరిక బోర్డు ఉన్నచోట, మడ అడవి దగ్గర, ఎవరు ఏం చెప్పినా నీటిలోకి దిగకూడదు.

కెమెరా గురించి చెప్పే ముందు నీరు వెలుతురును ఏం చేస్తుందో చెప్పాలి. నీరు ముందు ఎరుపును మింగేస్తుంది. మన గుంటూరు మిరపకాయను ఐదారు మీటర్ల లోతుకు తీసుకెళ్లి చూస్తే ఎర్రదనం చాలావరకు పోయి గోధుమ రంగులో కనిపిస్తుంది, ఇంకా కిందికి వెళితే నల్లబడుతుంది. ఈ నష్టం లోతును బట్టి మాత్రమే కాదు, కెమెరాకూ చేపకూ మధ్య ఉన్న నీటిని బట్టి కూడా జరుగుతుంది. అందుకే ఏ కెమెరా అయినా మూర దూరంలోకి వెళ్లి తీయడమే మొదటి సూత్రం. జూమ్ వాడితే మధ్యలోని నీరు, అందులో తేలే నలకలు అన్నీ ఫొటోలోకి వస్తాయి.

చేతిలో ఉన్న ఫోన్‌నే కవరులో పెట్టి తీసుకెళ్లవచ్చా అని చాలామంది అడుగుతారు. నీటిని తట్టుకుంటుందని ఫోన్ మీద రాసే ఐపీ 68 పరీక్ష మంచినీటిలో చేసేది, ఉప్పునీటికి అది హామీ కాదు. నీటిలో టచ్ స్క్రీన్ కూడా పనిచేయదు. బటన్లున్న గట్టి హౌసింగ్ (నీరు చొరని పెట్టె) అయితే నీటిగుంటల దగ్గర పర్వాలేదు, జిప్ కవరు మాత్రం వద్దు. గోప్రో వంటి యాక్షన్ కెమెరా హౌసింగ్ లేకుండానే 10 మీటర్ల వరకు తట్టుకుంటుంది, తాబేలు, చేపల గుంపు, తోటి డైవర్ల వీడియోకు చక్కగా సరిపోతుంది. అయితే దాదాపు 30 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్నది స్పష్టంగా రాదు కనుక చిన్న జీవులకు అది పనికిరాదు. దిబ్బ మీద అందమైనవన్నీ చిన్నవే కావడం వల్ల నా దృష్టిలో ఇది పెద్ద లోపం.

ఒలింపస్ టఫ్ వరుసలోని టీజీ 6, 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చిన టీజీ 7 హౌసింగ్ లేకుండా 15 మీటర్ల వరకు, హౌసింగ్‌తో 45 మీటర్ల వరకు పనిచేస్తాయి. లెన్స్‌కు ఒక సెంటీమీటరు దూరంలో ఉన్న జీవి మీద కూడా ఫోకస్ కుదురుతుంది, రా ఫైళ్లు (కెమెరా మార్చని అసలు ఫైళ్లు) ఇస్తాయి కాబట్టి రంగులను తరువాత సరిచేసుకోవచ్చు. లోతు తక్కువ దిబ్బ మీద ఒడ్డు నుంచి దిగేవారికి నేను సూచించేది ఇదే. 15 మీటర్లు తట్టుకున్నా హౌసింగ్ కొనమనే చెబుతాను. ఇసుక రేణువు తలుపు అంచున ఇరుక్కుంటే కెమెరా పోతుంది, హౌసింగ్ ఉంటే నీటికి ఇంకో అడ్డు ఉంటుంది. మిర్రర్‌లెస్ కెమెరా, దానికి హౌసింగ్, రెండు స్ట్రోబ్‌లు (విడిగా అమర్చే ఫ్లాష్‌లు) కలిపితే నాణ్యతలో సాటి లేదు. కానీ హౌసింగ్ ధరే కెమెరా ధరకు చేరుతుంది, బరువు పెరుగుతుంది, అలల్లో అంత బరువుతో నడవడం కొత్తవారిని కింద పడేస్తుంది. కనీసం యాభై డైవ్‌లు చేసి, చేతులు వాడకుండా నీటిలో నిలబడగలిగినప్పుడు దాని గురించి ఆలోచిస్తే చాలు.

మూడు మీటర్లలోపు, ఎండ ఉన్నప్పుడు, ఫ్లాష్ అక్కర్లేదు. అంతకన్నా కిందికి వెళితే తెల్లటి పలకనో ఇసుకనో చూపించి వైట్ బ్యాలెన్స్ సరిచేయాలి. లెన్స్ పక్కనే ఉన్న ఫ్లాష్ వెలిగిస్తే నీటిలోని నలకలన్నీ మంచు కురిసినట్టు తెల్లగా కనిపిస్తాయి. స్ట్రోబ్‌ను కెమెరాకు బిగించిన కడ్డీ మీద పక్కకు జరిపి వాలుగా వెలిగించడం అందుకే.

నీల్ దీవిలో ఒకే పగడపు బండ దగ్గరికి నేను మూడు రోజులు వరుసగా వెళ్లాను. దాని పక్కన ఎనిమోన్‌లో మూడు క్లౌన్ చేపలున్నాయి. మొదటి రోజు నన్ను చూడగానే పెద్దది ఎదురొచ్చి మాస్క్ మీదికి దూసుకొచ్చింది. గుంపులో పెద్దది ఎప్పుడూ ఆడదే, అది చనిపోతే తరువాతి మగ చేప ఆడదిగా మారుతుంది. పది నిమిషాలు కదలకుండా ఉన్నాక అది నన్ను పట్టించుకోవడం మానేసింది, మగ చేప ఎనిమోన్ అడుగున ఉన్న రాయి దగ్గరికి దిగి రెక్కలతో నీటిని విసురుతూ ఉండిపోయింది. రాయి మీద నారింజ రంగు గుడ్లు ఉన్నాయి. మూడవ రోజుకు ఆ గుడ్లలో వెండి చుక్కల్లా కళ్లు కనిపించాయి. పడవ మీద వచ్చి ముప్పావు గంటలో వెళ్లిపోయేవారికి ఈ ఫొటో దొరకదు. ఒడ్డు నుంచి దిగే పద్ధతిని నేను ఇంతగా సమర్థించడానికి కారణం ఇదే.

సాధన ఇంటి దగ్గరే మొదలుపెట్టాలి. విజయవాడ గాంధీనగర్‌లోని సర్ విజ్జీ ఈతకొలను వంటిచోట అనుమతి అడిగి మాస్క్, గొట్టం, ఫిన్స్‌తో నెల రోజులు ఈదండి. కృష్ణలో గానీ బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో గానీ ఈ సాధన చేయవద్దు; ప్రవాహం, చెత్త, లోతు ఏదీ కంటికి కనిపించదు. కెమెరాను మాత్రం ఇంట్లో పెద్ద నీళ్ల టబ్బులో మిరపకాయో నాణెమో వేసి బాగా దగ్గరి నుంచి తీసే మాక్రో మోడ్‌లో వందసార్లు తీసి చూడవచ్చు. కళ్లజోడు ఉన్నవారు పవర్ అద్దాల మాస్క్‌ను ఇక్కడే సంపాదించుకోవాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్య ఉన్నవారు స్కూబా ఆలోచనకు ముందే డాక్టరు సలహా తీసుకోవాలి.

హౌసింగ్ మూసేటప్పుడు దాని అంచున నీటిని ఆపే రబ్బరు వలయం, ఓ-రింగ్‌ను వెలుతురులో వేలితో తడిమి చూడండి. ఒకసారి హోటల్ తువ్వాలుతో తుడిచిన నా ఓ-రింగ్ మీద కంటికి ఆనని నూలు పోగు మిగిలిపోయి, నాలుగు మీటర్ల దగ్గర హౌసింగ్‌లోకి సన్నని బుడగల దారం కనిపించింది. వెంటనే పైకి వచ్చాను కనుక కార్డులోని ఫొటోలు మిగిలాయి, కెమెరా మిగల్లేదు. అప్పటి నుంచి ప్రతి ఉదయం ముందు ఖాళీ హౌసింగ్‌ను బకెట్టు నీటిలో పది నిమిషాలు ముంచి చూశాకే కెమెరాను లోపల పెడుతున్నాను.

పగడాలు, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి రక్షణ పొందుతున్నాయి. చచ్చిన పగడపు ముక్కను జ్ఞాపకంగా తెచ్చుకున్నా నేరమే. ఫొటో కోసం జీవిని కర్రతో కదిలించే గైడ్ ఎదురైతే ఆ ఫొటో తీయకుండా తల తిప్పుకోండి, ఆయనకు అర్థమవుతుంది. చేతికి అందంగా దొరికే శంఖు నత్తను (కోన్ స్నెయిల్) ముట్టుకోకూడదు, కొన్ని జాతుల కాటు మనిషిని చంపగలదు. లయన్ ఫిష్, స్టోన్ ఫిష్ ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఆ భాగాన్ని ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి.

తిరుగు ప్రయాణం టికెట్ తీసేటప్పుడే ఒక రోజు ఖాళీగా ఉంచుకోవాలి. ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, అంతకన్నా ఎక్కువ చేస్తే 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కకూడదు. స్నోర్కెలింగ్ మాత్రమే చేసినవారికి ఈ నియమం లేదు. ఆ రోజు హౌసింగ్‌ను, ఫిన్స్‌ను మంచినీటిలో నానబెట్టి నీడలో ఆరబెట్టుకుని, ఆటు సమయం చూసుకుని లక్ష్మణ్‌పూర్ నీటిగుంటల దగ్గరికి చిన్న కెమెరాతో నడవండి. ఉదయం ఆటు ఉన్న రోజైతే ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి, ఎనిమిది దాటాక మనుషుల నీడలు పడి ఎండ్రకాయలు రాళ్ల కిందికి వెళ్లిపోతాయి.